చిత్రకారుల కూడలికి ఏది మేలు: వాట్సాప్ గ్రూపా, డిస్కార్డా, సొంత వేదికా?

ఇన్‌స్టాగ్రామ్ 2016లో పోస్టులను వరుసక్రమంలో చూపడం మానేసి, ఎవరికి ఏది నచ్చుతుందో తానే అంచనా కట్టి చూపడం మొదలుపెట్టినప్పటి నుంచి బొమ్మలు వేసేవారి నెత్తిన మరో పని పడింది. ఏ వేళకు పెడితే పదిమంది కంట పడుతుంది, బొమ్మను రీల్‌గా మార్చాలా వద్దా అన్న లెక్కలు కుంచె పట్టకముందే మొదలవుతున్నాయి. 2021లో లైకుల సంఖ్యను దాచుకునే వీలు కల్పించినా, బొమ్మ ఎంత దూరం పోవాలో తేల్చడంలో ఆ లైకుల పాత్ర అలాగే ఉంది కనుక ఒత్తిడి పెద్దగా తగ్గలేదు. ఈ గొడవ లేకుండా ముప్పై, నలభై మంది చిత్రకారులు ఒకరి పని ఒకరికి చూపించుకునే చోటు కట్టుకోవాలంటే ఏ దారి మేలన్నది ఇక్కడి ప్రశ్న.

వాట్సాప్ గ్రూపు అందరికీ చేతిలోనే ఉంది, కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదు. ఆ సౌకర్యమే దాని లోపం కూడా. ఒకరు నీటిరంగులతో వేసిన వేపచెట్టు బొమ్మ పెట్టి, నీడ మరీ బరువుగా పడిందా అని అడిగారనుకుందాం. నిమిషంలో ఆరు బొటనవేళ్లు, రెండు పూలగుత్తులు వస్తాయి. ఆ వెనుకే ఎవరిదో పుట్టినరోజు శుభాకాంక్షలు వచ్చి, సాయంత్రానికి ఆ ప్రశ్న ఎక్కడో పైకి పోతుంది. ఫొటోగా పంపితే నాణ్యత తగ్గి కాగితపు గరుకు కనబడదు; అసలు ఫైలు పోవాలంటే డాక్యుమెంటుగా పంపాలి. పైగా చేరిన ప్రతివారి ఫోన్ నంబరూ సాధారణంగా మిగతా అందరికీ తెలిసిపోతుంది. ముఖ్యంగా స్త్రీలు చేరేముందు సందేహించడానికి ఇది చాలు.

గుంపులు కూడి రాసుకుంటూ, మాట్లాడుకుంటూ ఉండేందుకు వీలిచ్చే యాప్ డిస్కార్డ్ ఇంతకంటే మెరుగు. ఫోన్ నంబరు బయటపడదు, అంశానికో చానెల్ పెట్టుకోవచ్చు, వాయిస్ చానెల్‌లో నలుగురు చేరి మాట్లాడుకుంటూ రెండు గంటలు బొమ్మలు వేసుకోవచ్చు. ఒంటరిగా పనిచేసేవారికి ఆ రెండు గంటలు ఎంత విలువైనవో వేరే చెప్పనక్కరలేదు. అయితే ఎవరు ఆన్‌లైన్‌లో ఉన్నారో చూపే పచ్చచుక్క, చదవని సందేశాల గుర్తులు మనిషిని మళ్లీమళ్లీ లోపలికి పిలుస్తూనే ఉంటాయి. రెండు రోజులు రాకపోతే ఏదో పోగొట్టుకున్నామన్న బెంగ ఇక్కడా తప్పదు.

ఇక సొంత వేదిక. డిస్కోర్స్ వంటి ఓపెన్ సోర్స్ (ఎవరైనా ఉచితంగా తీసుకుని మార్చుకోగల) చర్చావేదిక సాఫ్ట్‌వేర్‌ను అద్దెకు తీసుకున్న సర్వర్‌పై మనమే పెట్టుకుంటే చర్చ నెమ్మదిస్తుంది, నాకు కావలసిందీ అదే. వేపచెట్టు బొమ్మకు తనదైన పుట ఉంటుంది. నాలుగో రోజున ఒకరు తీరిగ్గా చూసి, బొమ్మపైనే గీతలు గీసి నీడ ఎక్కడ పలచబడాలో చూపిస్తే, ఆ పుట చర్చల జాబితాలో మళ్లీ పైకి వస్తుంది. రోజూ రాలేనివారికి వారానికోసారి ఈమెయిల్‌లో సారాంశం అందుతుంది. లాగిన్ అయినవారికే కనబడేలా తలుపు వేసుకోవచ్చు కనుక, ఏఐ శిక్షణకు బొమ్మలు ఏరుకుపోయే బాట్‌లకూ (తమంతట తామే వెబ్‌సైట్లు తిరిగే ప్రోగ్రాములకూ) అడ్డుకట్ట పడుతుంది.

కానీ ఉన్నదున్నట్టు వాడితే ఇందులోనూ పోటీ దాగి ఉంది. లైకులు, బ్యాడ్జీలు ఉన్నాయి. సభ్యులు ఎంత చురుగ్గా పాల్గొంటే అంత ఎక్కువ అధికారాలిచ్చే నమ్మక స్థాయిలు అంచెలవారీగా ఉన్నాయి. వాటిలో మూడో స్థాయికి చేరాలంటే, మామూలు అమరికల ప్రకారం, గడిచిన వంద రోజుల్లో కనీసం యాభై రోజులు వచ్చి ఉండాలి. హాజరు పట్టీ నుంచి పారిపోయి వచ్చినవారికి మళ్లీ హాజరు పట్టీయా! నిర్వాహకులు మొదటి రోజే బ్యాడ్జీలను ఆపి, ఈ నిబంధనను సడలించి, లైకు గుర్తును థీమ్‌లో దాచేయాలి.

కారా వంటి పెద్ద వేదికలో చేరిపోవచ్చు కదా అనేవారున్నారు. చిత్రకారుల కోసమే పెట్టిన కారాలో 2024 జూన్‌లో వారం రోజుల్లోనే సభ్యులు 40 వేల నుంచి ఆరున్నర లక్షలకు పెరిగారు, నిర్వాహకుల చేతికి 96 వేల డాలర్లకు పైగా హోస్టింగ్ బిల్లు వచ్చింది. ఉద్దేశం మంచిదే అయినా అక్కడా లైకులు, ఫాలోవర్లు ఉన్నారు. అంత జనంలో నలభై మంది చనువు ఎలాగూ దొరకదు.

కనుక నా మొగ్గు డిస్కోర్స్ వైపే, ఒక్క షరతుతో. నెలనెలా సర్వర్ అద్దె కట్టి, అప్‌డేట్లు వేసి, బొమ్మల బ్యాకప్ వేరేచోట దాచేవారు గుంపులో కనీసం ఇద్దరుండాలి. ఒక్కరే అయితే వారికి తీరిక లేని నెలలో సర్వర్ ఆగిపోతుంది. ఇద్దరు దొరకకపోతే నోటిఫికేషన్లు ఆపుకుని డిస్కార్డ్‌లో ఉండడమే నయం.