నల్లగొండ నుంచి పాలమూరుకు సైకిళ్ల మీద: తాళం, బస, కాపలా

మొన్నటి చలికాలంలో నేనూ మా బామ్మర్దీ నల్లగొండ నుంచి నాగార్జునసాగర్, దేవరకొండ, కల్వకుర్తి మీదుగా పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ దాకా ఐదు రోజులు సైకిళ్ల మీద ప్రయాణించాం. ఈ దారిలోని గుళ్ల గురించీ కోటల గురించీ ఇప్పటికే చాలామంది రాశారు. నేను రాయదలచుకున్నది మరొకటి. గుడిలోకో కోట మీదికో వెళ్లినప్పుడు సైకిల్ ఎక్కడ ఉండాలి, రాత్రి మనం గదిలో పడుకుంటే అది ఎక్కడ పడుకోవాలి, దానికి ఏ తాళం వేయాలి అన్న ప్రశ్నలకు దారి పొడవునా మాకు దొరికిన జవాబులు ఇవి.

ఈ విషయం ఇంతగా పట్టించుకోవడానికి కారణం ఉంది. రెండేళ్ల కిందట వేరొక పట్టణంలో ఒక లాడ్జి మెట్ల కింద గ్రిల్లుకు కేబుల్ తాళం వేసి పడుకున్నాను. తెల్లారి చూస్తే సైకిల్ లేదు, తెగిన కేబుల్ మాత్రం గ్రిల్లుకు వేలాడుతోంది. పైనున్న ప్లాస్టిక్ తొడుగు నున్నగా తెగింది, లోపలి సన్నని ఉక్కు తీగలు చీపురు కొసల్లా విచ్చుకున్నాయి. బొటనవేలంత లావుగా కనిపించే ఆ తాడులో అసలు ఉక్కు చిటికెన వేలిలో సగం కూడా లేదని అప్పుడు తెలిసింది. ఫిర్యాదు రాయించేటప్పుడు ఫ్రేం నంబరు, అంటే సైకిల్ చట్రం మీద చెక్కి ఉండే నంబరు అడిగారు. నా దగ్గర లేదు. నీలం రంగు, ఇరవై ఒక్క గేర్లు అని చెప్పగలిగానే తప్ప, అలాంటి వంద సైకిళ్లలో నాది ఇదేనని చూపించే ఆధారం ఒక్కటీ నా చేతిలో లేకపోయింది.

అందుకే ఈసారి బయలుదేరేముందు తాళాల కోసమే రెండు వారాలు తిరిగాను. నల్లగొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల దుకాణాల్లో ఎక్కువగా దొరికేవి వెనక చక్రానికి బిగించే రింగ్ లాకులూ, కేబుల్ తాళాలూ. రింగ్ లాక్ చక్రాన్ని తిరగనివ్వదు, అంతే. సైకిల్‌ను భుజాన వేసుకుని ఆటోలో పెట్టేవాడిని అది ఆపలేదు. పాల డబ్బా దించి రెండు నిమిషాల్లో తిరిగొచ్చే పనికి అది చాలు, రాత్రి కాపలాకు చాలదు. నంబర్ల తాళం తాళంచెవి పోతుందన్న భయం లేనిదే గానీ, చవక రకాల్లో తాళాన్ని లాగిపట్టి చక్రాలను ఒక్కొక్కటిగా తిప్పితే సరైన అంకె దగ్గర వేలికి తేడా తెలిసిపోతుంది. మూడంకెలదైతే మొత్తం వెయ్యి కలయికలే, ఓపికున్నవాడు వరుసగా తిప్పి చూసినా అవుతుంది.

చివరికి నేను హైదరాబాద్ నుంచి ఒక యూ-లాక్, అంటే ఇంగ్లిష్ U ఆకారంలో వంచిన గట్టి ఉక్కు కడ్డీ తాళం తెప్పించుకున్నాను. బామ్మర్ది గట్టిపరచిన ఉక్కు గొలుసు కొన్నాడు. నాది కిలోంబావు, అతనిది దాదాపు రెండు కిలోలు. ఎక్కుడు దారిలో ఆ బరువు తెలుస్తుంది, అయినా దించేయాలని ఒక్కసారీ అనిపించలేదు. రెండు రకాల తాళాలు ఉండడంలో మరో లాభం ఉంది. గొలుసునో కేబుల్‌నో కోయడానికి పెద్ద కట్టర్ కావాలి, మంచి యూ-లాక్‌కు గ్రైండర్ కావాలి. రెండూ వెంట తెచ్చుకునే దొంగలు తక్కువ, గ్రైండర్ చప్పుడు వీధంతా వినిపిస్తుంది. యూ-లాక్ కొనేటప్పుడు పెద్దది మేలనిపిస్తుంది గానీ, లోపల ఖాళీ ఎంత ఎక్కువుంటే జాకీ దూర్చి విరగదీయడం అంత తేలిక. సైకిల్‌నూ స్తంభాన్నీ పట్టుకుని లోపల చోటు మిగలనిదే సరైన కొలత.

మొదటి మజిలీ పట్టణాన్ని ఆనుకుని ఉన్న పానగల్లు. ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద రోజంతా కదలకుండా నిలిచే స్తంభపు నీడను చూస్తూ అరగంట ఉండిపోయాం. కుందూరు చోడుల కాలపు ఆ త్రికూటాలయం (మూడు గర్భగుళ్ల గుడి) చుట్టూ పొలాలే. సైకిల్‌ను కట్టేయడానికి కమ్మీ గానీ స్తంభం గానీ కనిపించలేదు. అలాంటి చోట మేము పాటించిన పద్ధతి ఇది: ఒక సైకిల్ ముందు చక్రం రెండోదాని వెనక చక్రం పక్కకు వచ్చేలా తలా తోకా ఎదురుబొదురుగా నిలబెట్టి, రెండు ఫ్రేములనూ కలిపి గొలుసు వేశాం. అలా కట్టిన జంటను తొక్కుకుపోలేరు, నడిపించుకుపోలేరు, ఎత్తుకుపోవాలంటే ఇద్దరు మనుషులు కావాలి. జనం తిరిగే పగటిపూట ఇది సరిపోతుంది. ఒంటరిగా వచ్చేవారు మాత్రం గుడి ముందు ఎవరైనా కూర్చుని ఉంటే చెప్పి వెళ్లడమే మంచిది.

హాలియా మీదుగా సాయంత్రానికి సాగర్ చేరాం. 1955లో శంకుస్థాపన జరిగి, 26 గేట్లతో నిలిచిన ఆ ఆనకట్టను చూడటానికి వచ్చేవారిలో కార్లవారే ఎక్కువ, బసలన్నీ వారి కోసమే కట్టినట్టుంటాయి. మేము దిగినచోట గదులు శుభ్రంగా ఉన్నాయి, అద్దె మా ప్రయాణం మొత్తంలో అక్కడే ఎక్కువ. కానీ సైకిళ్లు గదిలోకి వద్దన్నారు, ఆరుబయట కార్ల పక్కన పెట్టమన్నారు. కాపలా మనిషి "గీడ ఎవ్వరు ముట్టరు సార్" అన్నాడు. ఆయన మాట నమ్మకూడదని కాదు, రాత్రి రెండు గంటలకు ఆయన కూడా నిద్రపోతాడు కదా. కింది అంతస్తు గది ఇప్పించుకుని, కిటికీ కమ్మీకి బయటి నుంచి యూ-లాక్ వేశాం. మంచం మీద నుంచి హ్యాండిల్ కనిపిస్తూ ఉంటే గానీ నాకు కన్ను మూతపడలేదు.

మర్నాడు నాగార్జునకొండకు లాంచీలో వెళ్లాం. పోవడానికీ రావడానికీ, మ్యూజియం చూడటానికీ కలిపి సగం రోజు పడుతుంది, అంతసేపు సైకిల్ ఒకేచోట ఒంటరిగా ఉంటుందని ముందే లెక్కవేసుకోవాలి. యూ-లాక్‌ను ఫ్రేం వెనక త్రికోణంలోంచి చక్రం అంచును చుట్టి కమ్మీకి వేస్తే ఫ్రేమూ చక్రమూ రెండూ దొరుకుతాయి. నా ముందు చక్రం క్విక్ రిలీజ్ రకం, పనిముట్టు లేకుండా చేత్తో ఊడుతుంది, కాబట్టి దానికి పాత కేబుల్‌ను రెండో తాళంగా చుట్టాను. కేబుల్ చేయగల పని అంతే, ఆ పని మాత్రం బాగా చేస్తుంది. తాళంచెవి రంధ్రం నేలవైపు ఉండాలి, తాళం మాత్రం నేలకు ఆనకూడదు. నేలకు ఆనితే సుత్తి దెబ్బకు ఆధారం దొరుకుతుంది. లైట్లు, నీళ్ల సీసా, సీటు కింద సంచి వెంట తీసుకుపోయాం.

మూడో రోజు దేవరకొండ. రేచర్ల పద్మనాయకుల కోట ఎక్కడానికి వెళ్తూ, గుట్ట దిగువన చిన్న చాయ్ హోటల్ ముందు ఇనుప స్తంభానికి రెండు సైకిళ్లూ కట్టాం. హోటల్ నడిపే పెద్దమ్మ తాళాల వంక చూసి, "గింత తాళమెందుకు బిడ్డా, నా కండ్ల ముంగట్నే ఉంటయి, పోయి రాండ్రి" అన్నది. మూడు గంటల తర్వాత తిరిగొచ్చేసరికి ఎండ మళ్లింది. ఆమె గోనెసంచి ఒకటి తడిపి నా సీటు మీదా తాళం మీదా కప్పి ఉంచింది, ఇనుము కాలితే ముట్టలేమని. రెండు చాయ్‌లకు తప్ప పైసలు తీసుకోలేదు. ఐదు రోజుల్లో నేను చూసిన కాపలాలన్నిటిలో అది మేలైనది.

ఆ రాత్రి దిగిన లాడ్జి పాతది, గోడలకు చెమ్మ ఉంది, వేడినీళ్లు బకెట్ లెక్కన ఇస్తారు. అయినా నా లెక్కలో సాగర్ బస కంటే ఇదే మేలు. యజమాని అడగకముందే సైకిళ్లను కౌంటర్ వెనక్కి తోయించి, రాత్రి పదింటికి షట్టర్ దించి లోపలి నుంచి తాళం వేశాడు. కల్వకుర్తిలో మాత్రం ఇబ్బంది పడ్డాం. ఒకచోట బయటే పెట్టాలన్నారు. పక్కనే ఖాళీ స్థలం, దీపం లేదు, కట్టేయడానికి ఒక సన్నని ప్లాస్టిక్ గొట్టం చూపించారు. ఎంత గట్టి తాళమైనా గొట్టం విరిగితే దానితోపాటే పోతుంది. మరో లాడ్జి వెతుక్కుని, చక్రాలు గుడ్డతో తుడిచి, రెండో అంతస్తు దాకా మెట్ల మీద మోసుకెళ్లాం. ఫోన్‌లో గది మాట్లాడుకునేటప్పుడే "సైకిల్ లోపల పెట్టుకోవచ్చా" అని అడిగి ఉంటే ఆ గంట మిగిలేది.

జడ్చర్ల మీదుగా ఐదో రోజు మధ్యాహ్నానికి పాలమూరు వచ్చి, పట్టణానికి నాలుగు కిలోమీటర్ల దూరంలోని పిల్లలమర్రి చూశాం. 2018లో చెదలు పట్టిన ఆ మర్రికి సెలైన్ సీసాలతో మందు ఎక్కించి కాపాడుకున్నారు. అలాంటి మానుల దగ్గర ఊడలకో కొమ్మలకో గొలుసు వేయాలన్న ఆలోచనే రాకూడదు. చెట్టు బెరడు ఒరుసుకుపోతుంది. మేము బయటే కమ్మీ వెతుక్కున్నాం.

దుమ్ము దారుల తర్వాత నా యూ-లాక్‌లో తాళంచెవి పట్టేయసాగింది. నూనె వేస్తే దుమ్ము ఇంకా అంటుకుంటుంది కాబట్టి, పెన్సిల్ ముల్లు పొడి తాళంచెవికి రాసి తిప్పితే సర్దుకుంది. ఇది చూసిన లాడ్జి కుర్రాడు తన సైకిల్ తెచ్చి చూపించాడు. గేర్లు లేని మామూలు సైకిల్, రింగ్ లాక్ ఒక్కటే ఉంది. దానిని తలకిందులు చేశాం. పెడళ్ల ఇరుసు కింద గట్టిపడిన మట్టిని పుల్లతో గీకితే, తుప్పు మధ్య నుంచి ఫ్రేం నంబరు అంకెలు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. కొన్ని పాత సైకిళ్లకు ఆ నంబరు సీటు గొట్టం మీద ఉంటుందని కూడా చెప్పాను. వాడు ఆ అంకెలను ఫోటో తీసుకుని, మసక ఉందని మరోసారి తుడిచి, దగ్గర్నుంచి ఇంకొకటి తీసుకున్నాడు.