బండి నంబరు విడదీయడానికి స్లైస్, స్ప్లిట్, రెజెక్స్: ఏది మేలు?

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ పార్కింగ్ లిస్టు పని నా నెత్తిన పడింది. ఫారంలో జనం నింపిన బండి నంబర్ల నుంచి రాష్ట్రం కోడ్, చివరి నాలుగంకెలు విడిగా తియ్యాలి. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో మూడు దారులు కనిపించాయి.

మొదట స్లైస్, అంటే స్ట్రింగ్‌ను (అక్షరాల వరసను) ఇన్నో అక్షరం నుంచి ఇన్నో అక్షరం దాకా అని లెక్కపెట్టి కోయడం. పైథాన్ 3లో వేరియబుల్ పేరు తెలుగులోనే పెట్టుకోవచ్చు కాబట్టి బండి[:2] అంటే రాష్ట్రం, బండి[-4:] అంటే చివరి నాలుగంకెలు. ఇంతకంటే తేలిక ఏముంది? కేఏ, ఏపీ, టీఎస్, 2024లో వచ్చిన టీజీ అన్నీ చక్కగా తెగాయి. రాష్ట్రం కోడ్ లేకుండా దేశమంతటికీ ఒకటిగా ఇచ్చే బీహెచ్ (భారత్) సిరీస్ దగ్గర బోల్తా పడింది. 2021లో మొదలైన ఈ సిరీస్‌లో ముందు సంవత్సరం ఉంటుంది, చివర అక్షరాలుంటాయి. అలా '22' అనే కొత్త రాష్ట్రం మా లిస్టులో చేరింది. ఎర్రర్ మాత్రం రాలేదు. స్లైస్‌తో నా పేచీ ఇదే. స్ట్రింగ్ పొట్టిదైనా, తేడాగా ఉన్నా దొరికినంత కోసిచ్చి ఊరుకుంటుంది.

స్ప్లిట్, అంటే ఖాళీ లాంటి గుర్తు దగ్గర ముక్కలు చేయడం, అలా కాదు. ఖాళీల దగ్గర విడగొట్టి నాలుగో ముక్క అడిగామా, అంతా కలిపి రాసినవాళ్ల దగ్గర ఇండెక్స్ ఎర్రర్‌తో ఆగిపోతుంది. కనీసం తప్పు బయటపడుతుంది. కానీ ఒకరు ఖాళీ పెడతారు, ఒకరు హైఫన్ పెడతారు, ఎన్నిసార్లని ఆగుతాం? ఫ్లాట్ నంబరుకు మాత్రం దీన్నే ఉంచాను. బ్లాక్ పేరు ఒకక్షరమైనా రెండైనా మధ్యలో హైఫన్ ఖాయం.

బండి నంబరుకు చివరికి రెజెక్సే గెలిచింది. ఎక్కడ అక్షరాలుండాలి, ఎక్కడ అంకెలుండాలి అని ఒక నమూనా (ప్యాటర్న్) రాసిస్తే దానికి సరిపోయేవాటినే పట్టుకుంటుంది. ముందు ఖాళీలు, హైఫన్లు తీసేసి, అన్నీ పెద్ద అక్షరాలు చేసి, మామూలు నంబర్లకు ఒక ప్యాటర్న్, బీహెచ్‌కు ఒకటి రాశాను. దేనికీ కుదరని నంబరుకు 'నన్' (None, అంటే ఏమీ దొరకలేదని) వస్తుంది, దాన్ని నేనే కళ్లతో చూసుకుంటాను. నెల తర్వాత చూస్తే ఆ ప్యాటర్న్ నాకే కోళ్లు గీకినట్టుంటుంది, అందుకే పైన రెండు లైన్ల కామెంట్.

ఇక పార్కింగ్ కార్డు మీద పేరులో మొదటి అక్షరం వెయ్యాలనుకున్నాను. శ్రీలక్ష్మి గారి కార్డులో 'శ' ఒక్కటే వచ్చింది. మన కంటికి 'శ్రీ' ఒకటే అయినా పైథాన్ లెక్కలో నాలుగు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం.

"శ్రీని అంతలా చెక్కేశావేంటి బాబూ?" అన్నారావిడ లిఫ్టులో.

కార్డు మీద ఇప్పుడు ఫ్లాట్ నంబరే వేస్తున్నాం.