సిరొంచలో శిలాజాలు, గణితశాస్త్రజ్ఞులు

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచకు చేరడానికి ఆల్లాపల్లి అడవి దారి కన్నా, మంచిర్యాలలో రైలు దిగి చెన్నూరు మీదుగా ప్రాణహిత దాటడమే సుఖం. ఊళ్లో మరాఠీ బోర్డుల కింద బేరాలన్నీ తెలుగులోనే సాగుతాయి. నేను దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది కానీ, వేడినీళ్లు ఉన్నాయని చెప్పి బకెట్‌కు వేరుగా డబ్బు తీసుకున్నారు. కుటుంబంతో వచ్చేవారికి వంతెన అవతల కాళేశ్వరంలోని సత్రాలే నయం. భోజనం మాత్రం సిరొంచలోనే బాగుంది.

వడధం శిలాజాల పార్కులో రాయిగా మారిన చెట్ల మొద్దులున్నాయి. ఒకదానిపై బెరడు గాట్లు, విరిగిన చోట కలప పోగులు స్పష్టంగా కనిపిస్తాయి. గోటితో గీరితే మాత్రం గాజులా జారుతుంది. "మా తాతల కాలం నుంచి ఇట్లనే ఉన్నయి సార్, మేం కూసునేటోళ్లం" అన్నాడు మేకలు కాసే పెద్దాయన. వివరించగలవారు వెంట లేకపోతే ఇక్కడ అరగంటకు మించి గడవదు.

నన్ను ఇక్కడికి రప్పించింది చెట్లు కాదు, బారాపాసారస్. ఈ తాలూకాలోని పోచంపల్లి దగ్గర దొరికిన ఈ రాక్షసబల్లి ఎముకలను తవ్వితీసింది భూగర్భశాఖ కాదు, కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థ. సంభావ్యతను లెక్కగట్టే సంస్థకు ఎముకలతో పనేమిటన్న ప్రశ్నకు జవాబు ఆ సంస్థ వ్యవస్థాపకుడు ప్రశాంత చంద్ర మహలనోబిస్ విశాల దృష్టిలో ఉంది: ఆయన ఆహ్వానంపై బ్రిటిష్ శిలాజశాస్త్రవేత్త పమేలా రాబిన్‌సన్ వచ్చి అక్కడ ఒక బృందాన్ని తయారుచేశారు. జనాభాల్లో జన్యువుల పోకడను ఫిషర్, రైట్ అనే శాస్త్రవేత్తలతో పాటు గణితంలోకి తెచ్చిన బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ సైతం 1957లో అదే సంస్థలో చేరారు. చిన్న జనాభాలో కేవలం యాదృచ్ఛికంగా, తరం తరానికీ జన్యువుల పాళ్లు మారిపోవడానికి (జెనెటిక్ డ్రిఫ్ట్) రైట్ పెద్దపీట వేస్తే, ఫిషర్ ప్రకృతి ఎంపికకే పట్టం కట్టారు. 1968లో, జన్యుపదార్థంలోని మార్పుల్లో ఎక్కువ భాగం ఎంపిక వల్ల కాక యాదృచ్ఛికంగానే నిలుస్తాయన్న జపాన్ శాస్త్రవేత్త కిమురా తటస్థ సిద్ధాంతంతో ఆ వాదం అణుస్థాయికి చేరింది. ఇక చరిత్రలోని యాదృచ్ఛికత వేరు. వంశపారంపర్యంపై మెండెల్ 1866లో అచ్చువేసిన వ్యాసాన్ని 1900 దాకా ఎవరూ సరిగా పట్టించుకోలేదు, ప్రకృతి ఎంపిక సిద్ధాంతం ఇచ్చిన డార్విన్ 1882లోనే కన్నుమూశారు. ఆ రెండు ఆలోచనలూ సకాలంలో కలిసి ఉంటే పైవారి వాదం ఎప్పుడు మొదలయ్యేదో!

శిలాజాల విషయంలోనూ అంతే, యాదృచ్ఛికతదే పాత్ర. సుమారు మూడు వందల ఎముకలు దొరికినా బారాపాసారస్ పుర్రె మాత్రం దొరకలేదు. 1975లో పేరు పెట్టేటప్పుడు తలకు సంబంధించి కొన్ని పళ్లే ఆధారం. ఏ ఎముక ఒండ్రులో పూడి నిలిచిందో, ఏది కొట్టుకుపోయిందో వాటిని బట్టే మనకు అందే చరిత్ర.

ఆ అస్థిపంజరం కలకత్తాలో ఉంది కాబట్టి పోచంపల్లిలో చూడటానికి పొలాలు, ఎర్రమన్ను తప్ప ఏమీ లేవు. దాని కోసమే కారు మాట్లాడుకోవడం దండగ. పిల్లలతో వచ్చేవారు ముందుగా హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో, ప్రాణహిత అవతలి గట్టునే దొరికిన మరో రాక్షసబల్లి కోటాసారస్‌ను చూసి, శీతకాలంలో ఇటు రావడం మంచిది.