బ్రాడ్‌ఫర్డ్‌లో కర్రీ తినాలంటే: ఎక్కడ తినాలి, ఏం అడగాలి, ఎక్కడ దిగాలి

బ్రిటన్‌లో 'కర్రీ క్యాపిటల్' బిరుదు కోసం ఊళ్లు నిజంగానే పోటీపడ్డాయి. ఒక్కో ఊరి తరఫున కొన్ని రెస్టారెంట్లు జట్టుగా బరిలో దిగేవి. గ్లాస్గో ఆ బిరుదును పలుమార్లు ఎగరేసుకుపోయింది. ఆ తర్వాత 2011 నుంచి 2016 దాకా వరుసగా ఆరేళ్లు యార్క్‌షైర్‌లోని బ్రాడ్‌ఫర్డ్ దాన్ని ఎవరికీ వదల్లేదు. అయితే బిరుదు జాబితా చూసుకుని వెళ్తే సగం ఊరే తెలుస్తుంది. పోటీకి దిగేవి ఎక్కువగా పెద్ద హాళ్లున్న రెస్టారెంట్లు. ఊరి అసలు వంట పాతకాలపు చిన్న హోటళ్లలో ఉంది.

ఆ వంట ఇక్కడికి తెచ్చింది వలస కార్మికులు. బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని మిల్లుల్లో రాత్రి షిఫ్టులు చేయడానికి వచ్చిన వాళ్లలో ఎక్కువమందిది పాక్ ఆక్రమిత కశ్మీర్‌లోని మీర్పూర్ ప్రాంతం. 1960ల్లో మంగ్లా డ్యామ్ కింద ఊళ్లు మునిగాక ఈ వలస ఇంకా పెరిగింది. అందుకే ఇక్కడి కూరల్లో చింతపండు, కొబ్బరి, కరివేపాకు వెతక్కండి. పులుపు టమాటాదీ పెరుగుదీ. ఘాటు పచ్చిమిర్చి, అల్లం, మిరియాలది. మన గుంటూరు కారానికి అలవాటుపడ్డ నాలుకకు మొదటి ముద్ద చప్పగా అనిపించవచ్చు. అల్లం ఘాటు నాలుగో ముద్దకి తెలుస్తుంది.

పాత హోటళ్లలో మోర్లీ స్ట్రీట్‌లోని కశ్మీర్, నీల్ స్ట్రీట్‌లోని కరాచీ, లంబ్ లేన్‌లోని స్వీట్ సెంటర్ చూడదగ్గవి. హంగులేమీ ఉండవు. ఉదయంపూట అయితే స్వీట్ సెంటర్‌కే వెళ్లండి. హల్వా, పూరీ, శనగల కూర కలిపి తినే టిఫిన్ అది. పూరీ వేడి తగ్గితే తోలులా సాగుతుంది, కాబట్టి ఒకేసారి నాలుగు తెప్పించుకోకుండా రెండేసి అడగండి.

పెద్ద రెస్టారెంట్లలో లీడ్స్ రోడ్డులోని అక్బర్స్, గ్రేట్ హోర్టన్ రోడ్డులోని ముంతాజ్ పేరున్నవి. అక్బర్స్‌లో నాన్‌ను ఇనుప స్టాండుకు వేలాడదీసి తెస్తారు. ఫ్యామిలీ సైజు ఒక్కటి ముగ్గురికి చాలు. ముంతాజ్‌లో మద్యం ఉండదు. ఈ ఊళ్లో చాలాచోట్ల అంతే. కొన్నిచోట్ల బయటినుంచి సీసా తెచ్చుకోనిస్తారు, కొన్నిచోట్ల అదీ కుదరదు. ముందే ఫోన్‌చేసి అడగడం మర్యాద.

ఏం తినాలంటే కడాయి అనే కూర. ఎముకతో ఉన్న గొర్రె మాంసం అడగండి, బోన్‌లెస్ వద్దు. ఎముకలోని మూలుగ గ్రేవీలోకి దిగకపోతే ఆ కూరకు ఒళ్లే ఉండదు. సరైన కడాయికి టమాటా, అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి పెద్ద మంటమీద నూనె పైకి తేలేదాకా వేయించాలి, చివర్లో సన్నగా తరిగిన అల్లం చల్లాలి. గ్రేవీ ముక్కకు అంటుకుని ఉండాలి. పలచగా, తీయగా, నున్నగా ఉంటే అది ఉల్లిపాయలు ఉడికించి రుబ్బి పెట్టుకున్న గ్రేవీతో చేసిందని అర్థం. బ్రిటన్ అంతటా దొరికే కూర అదే. దానికోసం ఇంతదూరం రానక్కర్లేదు. పచ్చి కోడితో అప్పటికప్పుడు చేస్తే అరగంట పడుతుంది. పది నిమిషాల్లో వచ్చిందంటే అనుమానించండి.

కొత్తవాళ్లు ఎక్కువగా పొరపాటుపడేది ఆర్డరు దగ్గరే. చాలాచోట్ల కూర ధరలోనే మూడు చపాతీలో, అన్నమో కలిసి ఉంటాయి. అది తెలియక నాన్, పులావ్ విడిగా చెబితే సగం మిగిలిపోతుంది. ముందు వచ్చే అప్పడాలు, చట్నీలతో కడుపు నింపుకోకండి. ఇద్దరికి ఒక సీఖ్ కబాబ్, రెండు కూరలు, వాటితో వచ్చే చపాతీలు సరిపోతాయి.

శాకాహారులకు ఈ హోటళ్లలో పప్పు తడ్కా, పాలకూర-ఆలు, శనగలు దొరుకుతాయి గానీ, వంటగది ప్రధానంగా మాంసానిదే. గరిటెలు విడిగా వాడతారా అన్న పట్టింపు ఉంటే దగ్గర్లోని డ్రిగ్లింగ్టన్ గ్రామంలో ఉన్న ప్రషాద్‌కు వెళ్లండి. పూర్తిగా శాకాహార గుజరాతీ రెస్టారెంట్. మొదట బ్రాడ్‌ఫర్డ్‌లోనే ఉండేది. అక్కడికి కారో ట్యాక్సీనో ఉండాలి.

బర్మింగ్‌హామ్‌తో పోల్చి అడిగేవాళ్లకు: అక్కడి బాల్టీ అనే కూర వేరు. పలచటి ఉక్కు గిన్నెలో పెద్ద మంటమీద నూనెతో గబగబా వండి, అదే గిన్నెలో వడ్డిస్తారు. ఎముక ఉండదు, నాన్‌తో తింటారు. ఒక పూటే ఉంటే నా ఓటు బ్రాడ్‌ఫర్డ్ కడాయికే.

బసకు రెండు దారులు. లీడ్స్‌లో దిగితే హోటళ్లు ఎక్కువ, రైల్లో బ్రాడ్‌ఫర్డ్ దాదాపు ఇరవై నిమిషాలు. ఊళ్లోనే ఉండాలంటే ఫార్‌స్టర్ స్క్వేర్ స్టేషన్ పక్కన విక్టోరియా కాలపు మిడ్‌లాండ్ హోటల్ ఉంది. నటుడు హెన్రీ ఇర్వింగ్ 1905లో కన్నుమూసింది అక్కడే. పాత కట్టడం కాబట్టి గదికీ గదికీ తేడా ఉంటుంది. బుక్ చేసేముందు ఇటీవలి అభిప్రాయాలు చదవండి. ఇంటర్‌ఛేంజ్, ఫార్‌స్టర్ స్క్వేర్ స్టేషన్లు రెండింటికీ పట్టాల సంబంధం లేదు, మధ్య పది నిమిషాల నడక. తిరుగు రైలు ఏ స్టేషన్ నుంచో చూసుకోండి. పగలు ఖాళీ ఉంటే సాల్టెయిర్‌కు లోకల్ రైలెక్కండి, మిల్లు కార్మికుల కోసం కట్టిన పాత ఊరది, 2001 నుంచి యునెస్కో వారసత్వ స్థలం.

శుక్ర, శని రాత్రుల్లో పెద్ద రెస్టారెంట్లకు బుకింగ్ లేకుండా వెళ్తే గుమ్మం దగ్గరే నిలబడాల్సి వస్తుంది. రంజాన్ నెలలో పగలు కొన్ని మూసే ఉంటాయి, ఇఫ్తార్ వేళకు ఒక్కసారిగా నిండిపోతాయి. ఆ నెలలో రాత్రి తొమ్మిదిన్నర దాటాక టేబుల్ అడగండి, లీడ్స్‌కు చివరి రైలు ఎప్పుడో ముందే రాసిపెట్టుకోండి.