పాత అడ్డం క్యాబినెట్‌లో కొత్త కంప్యూటర్: ఏళ్ల వాడకం తర్వాత నా అంచనా

1990ల చివర సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అసెంబుల్ చేయించుకున్న కంప్యూటర్లలో చాలావాటికి, మానిటర్ కింద అడ్డంగా ఉండే లేత గోధుమరంగు ఇనుప రేకు క్యాబినెట్ ఉండేది. అలాంటి ఒక ఏటీఎక్స్ (క్యాబినెట్, బోర్డు కొలతలకు పాటించే ఉమ్మడి ప్రమాణం) క్యాబినెట్‌లో, దాని చిన్న రకమైన మైక్రో ఏటీఎక్స్ బీ550 మదర్‌బోర్డు, రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, 32 జీబీ ర్యామ్, ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (నేరుగా బోర్డుకే గుచ్చే వేగవంతమైన డ్రైవ్), తర్వాత కొంతకాలానికి ఒక జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు అమర్చి, కొన్నేళ్లుగా పుస్తకాల పేజీల కూర్పుకూ వీడియో ఎడిటింగ్‌కూ రోజూ వాడుతున్నాను. ఇంతకాలం వాడాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటే: ఇలాంటి క్యాబినెట్‌లో కొత్త బోర్డు పడుతుందా లేదా అన్నది పెద్ద సమస్య కాదు, లోపలికి వచ్చిన గాలి ఏ దారిన బయటికి పోతుందన్నదే అసలు సమస్య. ఆ దారిని ముందుగా నిర్ణయించుకుని, దానికి తగిన భాగాలను ఎంచుకున్నవారికి ఈ క్యాబినెట్ నిశ్చింతగా పనిచేస్తుంది.

బోర్డు సులభంగా అమరడానికి కారణం ఏటీఎక్స్ ప్రమాణమే. ఇంటెల్ దీన్ని 1995లో ప్రకటించింది. బోర్డును బిగించే రంధ్రాల స్థానాలు, వెనక పోర్టుల కోసం వదిలే కిటికీ కొలత అప్పటినుంచి మారలేదు. క్యాబినెట్‌తో వచ్చిన పాత పోర్టుల పలకను తీసేసి, కొత్త బోర్డుతో వచ్చిన పలకను ఆ కిటికీలో నొక్కితే సరిగ్గా కూర్చుంది. అయితే 244 మిల్లీమీటర్ల చదరపు మైక్రో ఏటీఎక్స్ బోర్డు పెట్టేటప్పుడు, దాని రంధ్రాలకు ఎదురుగా లేని ఇత్తడి స్టాండాఫ్‌లను (బోర్డును రేకుకు తగలకుండా ఎత్తి నిలిపే చిన్న కాళ్లను) తప్పకుండా విప్పేయాలి. లేకపోతే అవి బోర్డు అడుగున తగిలి షార్ట్ సర్క్యూట్ అయ్యే ప్రమాదం ఉంది. పాత క్యాబినెట్లలో 6-32 మర స్క్రూలు, ఎం3 మర స్క్రూలు కలిసే ఉంటాయి. చూపుకు ఒకేలా కనిపించే ఈ రెండింటినీ వేరువేరుగా పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే ఒకదాని రంధ్రంలో మరొకటి బలవంతంగా తిప్పితే మర అరిగిపోతుంది.

ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే పెట్టె) విషయంలో మాత్రం ఎక్కువ ఆలోచించాలి. ఈ అడ్డం క్యాబినెట్‌లో అది వెనక కుడిమూలన, 150 మిల్లీమీటర్ల వైపు నిలువుగా వచ్చేలా పక్కకు నిలబడి ఉంటుంది. పాత ఎస్ఎంపీఎస్‌లకు వెనకవైపు 80 మిల్లీమీటర్ల చిన్న ఫ్యాన్ ఉండేది. తొలి ఏటీఎక్స్ నిర్దేశాల ప్రకారం ఆ ఫ్యాన్ బయటి గాలిని లోపలికి లాగి ప్రాసెసర్ మీదకు ఊదాల్సి ఉండగా, తర్వాతి నిర్దేశాల్లో లోపలి గాలిని బయటికి పంపే పద్ధతి స్థిరపడింది. ఇప్పటి ఎస్ఎంపీఎస్‌కు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ వెడల్పాటి ముఖం మీద ఉంటుంది. ఈ క్యాబినెట్‌లో స్క్రూ రంధ్రాల అమరిక వల్ల ఆ ముఖం సరిగ్గా ప్రాసెసర్ వైపుకే తిరుగుతుంది. అంటే ప్రాసెసర్ వేడిని లాగి వెనకనుంచి బయటికి పంపే బాధ్యత ఎస్ఎంపీఎస్ ఫ్యాన్‌దే అవుతుంది, వెనక వేరే ఫ్యాన్‌కు చోటు లేదు.

అందుకే తక్కువ లోడ్‌లో ఫ్యాన్ ఆగిపోయే రకం ఎస్ఎంపీఎస్‌ను ఇందులో పెట్టవద్దని గట్టిగా చెబుతాను. నిశ్శబ్దం కోసం చాలామంది వాటినే మెచ్చుకుంటారు, గాలి బాగా ఆడే కొత్త టవర్లలో (నిలువు క్యాబినెట్లలో) అవి నిజంగా మంచివే. ఇక్కడ మాత్రం ఆ ఫ్యాన్ ఆగిందంటే క్యాబినెట్‌లోని వేడిగాలికి బయటికి పోయే మార్గమే మూసుకుపోయినట్టు. నేను ఎప్పుడూ నెమ్మదిగా తిరుగుతూ ఉండే ఫ్యాన్ గల 450 వాట్ల ఎస్ఎంపీఎస్‌ను ఎంచుకున్నాను. నా కంప్యూటర్ గరిష్ఠంగా వాడేది అందులో సగంలోపే కాబట్టి, వేడిగాలినే పీలుస్తున్నా దానికి ఒత్తిడి తక్కువ. పొడవు కూడా 140 మిల్లీమీటర్లకు మించకుండా చూసుకోవాలి, ఎందుకంటే దాని ఎదురుగానే డ్రైవ్‌ల బోను ఉంది, తీగలన్నీ ఆ సందులోంచే వంగి రావాలి.

లోపలికి గాలి ముందు ఎడమవైపున, అప్పట్లో చిన్న స్పీకరు పక్కన వదిలిన 80 మిల్లీమీటర్ల చోటు నుంచి వస్తుంది. అక్కడ రేకునే సన్నని చీలికలుగా గుద్దిన జాలీ ఉండేది. దానిలో సగానికి పైగా రేకే కాబట్టి ఫ్యాన్ ఎంత తిరిగినా చప్పుడు తప్ప గాలి రాలేదు. ముందు ప్లాస్టిక్ ముఖం వెనక దాగి ఉండే ఆ జాలీని రేకు కత్తెరతో తీసేసి, అంచులను ఆకురాయితో నునుపు చేసి, తీగ జాలీ పెట్టించాను. క్యాబినెట్ మొత్తంలో నేను కోతపెట్టింది ఆ ఒక్కచోటే, దాని ఫలితం కూడా మిగతా అన్ని మార్పులకంటే ఎక్కువ. దుమ్మును ఆపడానికి ఫ్యాన్ ముందు సన్నని నైలాన్ వల కూడా పెట్టాను. వల లేకపోతే, రోడ్డుకు దగ్గరగా ఉండే ఇళ్లలో కొద్ది నెలలకే ప్రాసెసర్ కూలర్ రెక్కల మధ్య దుమ్ము పట్టేస్తుంది.

ప్రాసెసర్ మీద 70 మిల్లీమీటర్ల ఎత్తున్న నాక్చువా ఎన్‌హెచ్-ఎల్12ఎస్ కూలర్ ఉంది. 5600జీ ప్రకటిత టీడీపీ (తయారీదారు చెప్పే వేడి అంచనా) 65 వాట్లే అయినా ఏఎం4 (ఈ ప్రాసెసర్ కూర్చునే సాకెట్ రకం) బోర్డుల మీద అది 88 వాట్ల దాకా తీసుకోగలదు. ఏసీ లేని గదిలో మే నెల మధ్యాహ్నం సుదీర్ఘమైన వీడియో ఎన్‌కోడింగ్ నడిపినప్పుడు ఉష్ణోగ్రత 85 డిగ్రీల చుట్టూ ఉండేది. బయోస్‌లో (బోర్డు సెట్టింగుల తెరలో) ప్రాసెసర్ కరెంటు వాడకాన్ని తగ్గించే 45 వాట్ల ఎకో పద్ధతి ఎంచుకున్నాక అదే పనికి 70 డిగ్రీలు దాటి కాస్త పైన నిలబడుతోంది. ఎన్‌కోడింగ్ ముగియడానికి కొంచెం ఎక్కువ సమయం పడుతుంది, పేజీల కూర్పులో మాత్రం నాకు ఏ తేడా తెలియలేదు. ఫ్యాన్ల చప్పుడులో వచ్చిన తగ్గుదల మాత్రం రోజూ తెలుస్తూనే ఉంది. ఎండలు తీవ్రంగా ఉండే మన ప్రాంతాల్లో ఇలాంటి క్యాబినెట్ వాడేవారు ఎకో పద్ధతిని మొదటి రోజునుంచే పెట్టుకోవాలని నా సలహా.

గ్రాఫిక్స్ కార్డు విషయంలో ఈ పాత క్యాబినెట్ నన్ను సంతోషపెట్టింది. బోర్డు నేల మీద పరుచుకుని ఉంటుంది కాబట్టి కార్డు నిటారుగా నిలబడుతుంది. టవర్లలో బరువైన కార్డులు కిందికి వంగి స్లాటును లాగే ఇబ్బంది ఇక్కడ పుట్టనే పుట్టదు, కూలర్ బరువు కూడా తిన్నగా బోర్డు మీదే పడుతుంది. పొడవుకూ కొరత లేదు, ఎందుకంటే ఆ రోజుల్లో 33 సెంటీమీటర్లకు పైగా పొడవుండే పూర్తి నిడివి ఐఎస్ఏ (పాతకాలపు స్లాటు రకం) కార్డుల కోసం ఎడమవైపును ఖాళీగా వదిలేవారు, వాటి కొనను పట్టుకునే ప్లాస్టిక్ గాడులు ఇప్పటికీ ముందువైపు ఉన్నాయి. అసలు హద్దు ఎత్తులో ఉంది. కార్డు పైఅంచున కరెంటు ప్లగ్గు ఉంటే, దానికీ దాని తీగ వంపుకూ కావలసిన మూడు నాలుగు సెంటీమీటర్లు మూత కింద దొరకవు. అందుకే స్లాటు నుంచే 75 వాట్లు తీసుకుని పనిచేసే, విడిగా ప్లగ్గు అవసరం లేని 1650 కార్డును తీసుకున్నాను. దానికంటే చాలా శక్తివంతమైన కార్డు కావాలనుకునేవారికి ఈ క్యాబినెట్‌ను నేను సూచించను. ప్లగ్గును ఎలాగో ఇరికించినా, అంత వేడిని ఒక చిన్న ఫ్యానూ ఒక ఎస్ఎంపీఎస్ ఫ్యానూ బయటికి పంపలేవు.

ముందువైపు స్విచ్చులు, దీపాలు అన్నీ పనిచేస్తున్నాయి. పవర్ స్విచ్చు తీగను ఎటు పెట్టినా సరిపోతుంది. పవర్ దీపం కనెక్టర్ మాత్రం పాతకాలపు మూడు గళ్లది, మధ్య గడి ఖాళీ. కొత్త బోర్డుకు రెండు పక్కపక్క పిన్నులే ఉన్నందున, సూదితో చిన్న ప్లాస్టిక్ నాలుకను ఎత్తి చివరి తీగను మధ్య గడిలోకి మార్చాలి. హార్డ్‌డిస్క్ దీపం నా బోర్డు మీద సాటా డ్రైవ్‌లకే (తీగతో బోర్డుకు కలిపే డ్రైవ్‌లకే) స్పందిస్తుంది, ఎన్‌వీఎంఈ పనిచేస్తున్నప్పుడు వెలగదు. ఫ్లాపీ చోటులో యూఎస్‌బీ 3 పోర్టుల పలక పెట్టాను. అది నల్లగా ఉండి ముఖానికి నప్పదు, అయినా పెన్‌డ్రైవ్ కోసం ప్రతిసారీ వెనక తడుముకోవడం కంటే ఇదే మేలు.

ప్లాస్టిక్ ముఖం పసుపెక్కి ఉండటం వల్ల హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో శుభ్రం చేశాను. ఏబీఎస్ ప్లాస్టిక్‌లో మంటలు అంటుకోకుండా కలిపే బ్రోమిన్ రసాయనాలూ అతినీలలోహిత కిరణాలూ ఈ పసుపుకు కారణమని చెబుతారు. బ్యూటీ పార్లర్ సామాను దుకాణాల్లో దొరికే 12 శాతం క్రీమును పూసి, పలుచని ప్లాస్టిక్ పొర చుట్టి, ఆరిపోకుండా చూసుకుంటూ ఎండలో ఉంచితే రంగు బాగా తేలింది. చేతి తొడుగులు లేకుండా దాన్ని ముట్టుకోకూడదు. తిరిగి బిగించేటప్పుడు ముఖానికి ఉన్న కొక్కేలను నెమ్మదిగా నొక్కాలి, ఇన్నేళ్ల ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది. కిటికీ పక్కనున్న అంచున పసుపు మళ్లీ మొదలైంది, కాబట్టి దీన్ని శాశ్వత పరిష్కారంగా భావించకూడదు.

ఎర్తింగ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఎస్ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల ద్వారా అతి స్వల్పమైన కరెంటు బాడీకి చేరుతుంది. ఇంట్లో ఎర్త్ సరిగ్గా ఉంటే అది భూమిలోకి పోతుంది, లేకపోతే ఇనుప మూతను తాకిన చేతికి జివ్వుమంటుంది. ప్లాస్టిక్, గాజు ఎక్కువగా ఉండే కొత్త క్యాబినెట్లలో ఇది అంతగా తెలియదు గానీ, చుట్టూ రేకే ఉన్న ఇలాంటి వాటిలో వెంటనే తెలుస్తుంది. ఎస్ఎంపీఎస్ స్క్రూ కూర్చునే చోట పెయింట్ గీకి లోహానికి లోహం తగిలేలా చేయాలి, గోడ సాకెట్‌లో ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్షింపజేయాలి.

రోజువారీ వాడకంలో నాకు ఇబ్బందిగా తోచేది మూత ఒక్కటే. మానిటర్‌ను దించి, వెనక స్క్రూలు విప్పి, మూడు వైపులా వంగిన రేకును వెనక్కి జరిపితేనే లోపలికి చేయి వెళ్తుంది కాబట్టి దుమ్ము దులపడం వాయిదా పడుతూ ఉంటుంది. దానికి బదులుగా దక్కేది గట్టితనం. బరువైన సీఆర్‌టీ మానిటర్లను మోయడానికి చేసిన ఆ రేకు మీద 24 అంగుళాల ఎల్‌సీడీ స్థిరంగా నిలబడి, తెర సరిగ్గా కంటి ఎత్తుకు వస్తుంది. మెడనొప్పితో బాధపడే నాకు ఇది చిన్న ప్రయోజనం కాదు.

ఏటీఎక్స్‌కు ముందు కాలపు ఏటీ క్యాబినెట్ చేతికొస్తే మాత్రం కొనేముందు వెనకవైపు చూడండి. అక్కడ కీబోర్డు కోసం ఒక గుండ్రని రంధ్రం తప్ప పోర్టుల కిటికీ ఉండదు, రేకు చాలా కోయాల్సి వస్తుంది. పైగా వాటిలో చాలావాటి ముందు స్విచ్చుకు నేరుగా 230 వోల్టుల తీగలే వచ్చేవి. ఆ స్విచ్చును అలాగే కొత్త బోర్డు పిన్నులకు కలపకూడదు. పాత తీగలు పూర్తిగా తీసేసి, నొక్కి వదిలే రకం చిన్న స్విచ్చు పెట్టుకోవాలి.

నా క్యాబినెట్‌లో తర్వాతి మార్పుగా, ఏఎం4 తర్వాత వచ్చిన సాకెట్ గల ఏఎం5 బోర్డు, రైజెన్ 5 8600జీ పెట్టాలని అనుకుంటున్నాను. అది కూడా 65 వాట్ల ప్రాసెసరే, ఎకో పద్ధతి దానికీ ఉంది. డీడీఆర్5 ర్యామ్ కొత్తగా కొనాలి గానీ కూలర్, ఎస్ఎంపీఎస్, ముందు ఫ్యాన్ ఇప్పుడున్నవే కొనసాగుతాయి.