సొంత స్నార్కెల్ సెట్టు కొనాలా, అద్దెదే చాలా? అండమాన్‌లో ఏళ్ల తరబడి వాడాక నా మాట

స్నార్కెలింగ్‌కి, అంటే మాస్క్, ఊపిరి గొట్టం పెట్టుకుని నీళ్ల మీద తేలుతూ కింద చేపల్ని, పగడాల్ని చూడటానికి, అండమాన్ వెళ్తున్నామని చెప్పి సలహా అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. ఫిన్స్ (ఈదడానికి కాళ్లకి తొడిగే రెక్కలు) అద్దెకు తీసుకోండి, లైఫ్ జాకెట్ వాళ్లే ఇస్తారు, కెమెరా సంగతి తర్వాత చూసుకోవచ్చు, మాస్క్ మాత్రం మీ ముఖానికి సరిపోయింది సొంతంగా కొనుక్కుని వెళ్లండి. నీళ్లలో దిగిన వాళ్లు అయిదు నిమిషాలకే తల పైకెత్తి 'ఇక చాలు' అంటున్నారంటే సగం సార్లు కారణం భయం కాదు, మాస్క్‌లోకి కారే ఉప్పునీళ్లు.

మాది విశాఖపట్నం. మా తోడల్లుడి కుటుంబం పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడింది. 2024లో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ, ఇంట్లోనూ ఆటోలోనూ ఇంకా పాత పేరే నడుస్తోంది. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి అక్కడ ఉండిపోయిన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు, బజారులో తెలుగులోనే బేరమాడొచ్చు. పిల్లల సెలవులకి మేం అటు వెళ్లడం అలవాటైపోయింది కాబట్టి నా సెట్టు అలమరలో దుమ్ము పట్టకుండా బాగానే అరిగింది. గ్లాసు మాస్క్, గొట్టం, ఒక జత ఫిన్స్, పొడుగు చేతుల లైక్రా చొక్కా, ఇంతే నా సరంజామా. మా ఆవిడకి ముఖమంతా కప్పే మాస్క్ ఒకటి కొన్నాం, దాని సంగతి కింద చెబుతాను.

మాస్క్ ఎంచుకునేటప్పుడు ధర, రంగు చూసే ముందు ఒక పరీక్ష చెయ్యాలి. పట్టీ తలకి తగిలించకుండా మాస్క్‌ని ముఖానికి ఆనించి ముక్కుతో మెల్లగా గాలి లోపలికి పీల్చాలి, చేతులు వదిలేయాలి. ఊపిరి బిగబట్టినంతసేపు అది ముఖానికి అంటుకుని ఉంటే మీది. జారిపోతే అది ఎంత ఖరీదైనదైనా మీది కాదు. చాలామంది కారుతున్న మాస్క్‌కి పట్టీ ఇంకా బిగిస్తారు. దాంతో సిలికాన్ అంచు మడతపడి ఇంకా ఎక్కువ కారుతుంది, పైగా నుదుటి మీద సాయంత్రం దాకా పోని గీత పడుతుంది. నీళ్లలో బయటి ఒత్తిడే మాస్క్‌ని ముఖానికి అదిమిపెడుతుంది, పట్టీ పని అది పక్కకి జరక్కుండా చూడటం వరకే.

నాకు మీసం ఉంది. మీసం ఉన్నవాళ్లకి పై పెదవి దగ్గర నీళ్లు రావడం ఖాయం. ముక్కు కింద అంచు ఆనే చోట సన్నగా ఒక గీత గొరిగేస్తే సగం తగ్గుతుంది, మీసానికి కాస్త వాజెలిన్ రాస్తే మిగతా సగంలో చాలావరకు తగ్గుతుంది. పూర్తిగా ఆగదు. వచ్చిన కొద్దిపాటి నీళ్లు పంపేయడానికి తల కొంచెం పైకెత్తి, మాస్క్ పై అంచుని నుదుటికి వేళ్లతో నొక్కి, ముక్కుతో గాలి బయటికి ఊదితే చాలు, నీళ్లు కింది అంచు నుంచి పోతాయి. ఈ ఒక్క విద్య ఇంటి దగ్గర స్విమ్మింగ్ పూల్‌లో నేర్చుకుని వెళ్తే సముద్రంలో టెన్షన్ ఉండదు.

కళ్లజోడు వాళ్లకి ఇంకో మాట. మాస్క్ లోపల కళ్లజోడు పట్టదు, దాని కాడలు అంచుని ఎత్తేస్తాయి. అద్దె మాస్క్‌తో నాకు పగడపు దిబ్బ అంటే రంగురంగుల మసకే. నీళ్లలో వస్తువులు కొంచెం దగ్గరగా, మూడో వంతు పెద్దగా కనిపిస్తాయి కాబట్టి సైటు తక్కువ ఉన్నవాళ్లు మామూలు మాస్క్‌తోనే నెట్టుకురావచ్చు. నాలాగా మైనస్ నాలుగు దాటినవాళ్లు పవర్ అద్దాలు మార్చుకునే వీలున్న రెండు అద్దాల మాస్క్ చూసుకోవాలి. అర పాయింటు తేడాతో రెడీమేడ్ అద్దాలు దొరుకుతాయి. మాస్క్ కన్నా వాటికే ఎక్కువైంది నాకు, అయినా ఈ సెట్టు మొత్తంలో పెట్టిన ప్రతి రూపాయికీ లెక్క తేలింది ఆ అద్దాల్లోనే. క్లౌన్ చేప ఎనిమోన్ (పువ్వులా కనిపించే సముద్రజీవి) వేళ్ల మధ్య ముఖం బయటపెట్టి మనల్ని కోపంగా చూస్తుంటే దాని నోటి కదలిక కూడా కనిపిస్తుంది.

కొత్త మాస్క్ అద్దం లోపలి వైపు తయారీలో మిగిలిన సన్నని సిలికాన్ పొర ఉంటుంది. అది పోనంతవరకు ఏం చేసినా అద్దం మీద ఆవిరి పడుతూనే ఉంటుంది. మామూలు తెల్ల టూత్‌పేస్ట్ వేసి వేలితో బాగా రుద్ది కడిగి, మళ్లీ రుద్దాలి. జెల్ పేస్ట్ పనికిరాదు. ఆ తర్వాత దిగే ముందు రెండు చుక్కల బేబీ షాంపూ రాసి ఒక్కసారి నీళ్లలో ముంచి తీస్తే గంటసేపు అద్దం తేటగా ఉంటుంది. ఉమ్మి రాసినా అదే పని జరుగుతుంది, మా పిల్లలకి అదే ఇష్టం, కారణం అడగొద్దు.

గొట్టం దగ్గర దుకాణాలవాళ్లు కాస్త ఎక్కువే అమ్మేస్తారు. పైకొన వాల్వు ఉన్న 'డ్రై' రకం నాది. అల మీద పడినా, తల ముంచినా తేలే మూత గొట్టం నోరు మూసేస్తుంది. మొదట్లో ధైర్యానికి బాగుంది. కానీ ఇసుక రేణువు చిక్కుకుంటే మూత సగంలో ఆగిపోతుంది, ఊపిరి ఉన్నట్టుండి బిగుస్తుంది. ఇప్పుడు కొనాల్సి వస్తే పైన చిన్న తుంపర అడ్డు, కింద నీళ్లు ఊదేసే వాల్వు ఉన్న సాదా గొట్టమే కొంటాను. పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది: గొట్టం ఇంకా పొడుగ్గా ఉంటే ఇంకా లోతుకి వెళ్లొచ్చుగా? వెళ్లలేం. ఒక మీటరు లోతులోనే నీళ్ల బరువు ఛాతీని నొక్కేస్తుంది, పైనుంచి గాలి లాగే బలం మన ఊపిరితిత్తులకి ఉండదు. పైగా గొట్టం పొడుగైన కొద్దీ మనం వదిలిన గాలే మళ్లీ లోపలికి వస్తుంది. ఉన్న గొట్టంతో కూడా చిన్న చిన్న ఊపిర్లు తీస్తే ఇదే ఇబ్బంది. నెమ్మదిగా, లోతుగా పీల్చి పూర్తిగా వదలాలి.

ఇక ముఖమంతా కప్పే మాస్క్. నోట్లో గొట్టం పెట్టుకోవాలంటే వికారం వచ్చేవాళ్లకి అది వరంలా కనిపిస్తుంది. మా ఆవిడ కూడా అందుకే తీసుకుంది. చూపు విశాలంగా ఉంటుంది, నీళ్లు కారవు, ముక్కుతో ఊపిరి తీసుకోవచ్చు. తేలుతూ, కిందికి చూస్తూ, మెల్లగా కదిలినంతసేపు ఏ గొడవా లేదు. కాళ్లు గట్టిగా ఆడించి ప్రవాహానికి ఎదురు వెళ్లాల్సి వచ్చినప్పుడు ఆయాసం వచ్చింది, లోపల ఉక్కగా ఉందని తీసేయబోతే పట్టీలు వెంటనే ఊడి రాలేదు. గైడ్ పక్కనే ఉన్నాడు కాబట్టి సరిపోయింది. మామూలు గొట్టమైతే ఉమ్మేస్తే ఊడిపోతుంది. ఇంకో లోటు, ముక్కు పట్టుకునే వీలుండదు. రెండు మూడు మీటర్లు ముంచితే చెవులు నొప్పెడతాయి, ముక్కు మూసి మెల్లగా ఊదితేనే సర్దుకుంటాయి. ఇందులో అది కుదరదు. ఇప్పుడు ఆ మాస్క్ అటక మీద ఉంది, ఆవిడ నా పాత గ్లాసు మాస్క్ వాడుతోంది. గుండె జబ్బు, బీపీ, ఆస్తమా ఉన్నవాళ్లు ఏ మాస్క్ అయినా సరే డాక్టర్ని అడక్కుండా దిగకండి.

ఫిన్స్ గురించి పెద్దగా చెప్పేది లేదు. బూటులా మొత్తం పాదం దూర్చే పొట్టివి చాలు. సన్న సాక్సు వేసుకుంటే మడమ దగ్గర బొబ్బలు రావు. విమానంలో పదిహేను కిలోల్లో వాటికి చోటు చేయాలంటే ఇంట్లో గొడవే.

లైక్రా చొక్కా మాత్రం మాస్క్ తర్వాత రెండో స్థానం. నీళ్లలో వేడి తెలియదు, వీపు కాలిపోయిన సంగతి రాత్రి పడుకున్నప్పుడే తెలుస్తుంది. చొక్కా ఉంటే సన్‌స్క్రీన్ ముఖానికి, మెడకి సరిపోతుంది. అది కూడా ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ లేనిది తీసుకోండి. పగడాలకి హాని అని హవాయి రాష్ట్రం 2021 నుంచి ఆ రెండూ ఉన్న క్రీముల అమ్మకం ఆపేసింది. జింక్ ఆక్సైడ్ రకం ముఖమంతా తెల్లగా పూస్తుంది, ఫోటోల్లో బాగోదు, నీళ్లలో ఎవరూ చూడరు.

ఇవన్నీ ఎక్కడ వాడాలి? మా విశాఖ తీరంలో పెద్దగా కుదరదు, అలలు గట్టివి, నీళ్లు చాలా రోజులు మసగ్గా ఉంటాయి. అండమాన్‌లో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం. స్వరాజ్ ద్వీప్, అంటే 2018 దాకా హావ్‌లాక్ అన్నది, అక్కడి ఎలిఫెంట్ బీచ్‌కి అందరూ వెళ్తారు. పొద్దున్నే మొదటి పడవల్లో వెళ్లినవాళ్లకి తేట నీళ్లు, పదకొండు తర్వాత వెళ్లినవాళ్లకి జనం కాళ్లు లేపిన ఇసుక. లైఫ్ జాకెట్ వేసి, ట్యూబు పట్టించి గైడ్ లాక్కెళ్తాడు. ఈత రానివాళ్లకి అది చక్కని ఏర్పాటు, భయపడాల్సింది ఏమీ లేదు. ఈత వచ్చినవాళ్లు మాత్రం 'కాస్త ఆగు భయ్యా' అని అడిగి ఒకే చోట తేలడం నేర్చుకోండి. ఆగిన వాళ్లకే చేపలు దగ్గరికొస్తాయి.

నాకు ఎక్కువ నచ్చేది వండూర్ దగ్గర మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్క్‌లోని జాలీబాయ్ దీవి. 1983లో ఏర్పాటైన పార్కు అది. జాలీబాయ్‌ని వానాకాలంలో మూసి రెడ్‌స్కిన్ అనే ఇంకో దీవిని తెరుస్తారు, సోమవారం సెలవు. ముందుగా పర్మిట్ తీసుకోవాలి. ప్లాస్టిక్ తీసుకెళ్లనివ్వరు, జెట్టీ దగ్గర సంచులు విప్పి చూస్తారు. బిస్కెట్ పొట్లాలు కూడా వెనక్కి ఇవ్వాల్సి వచ్చి మా పిల్లలు అలిగారు. అక్కడ ఒకసారి చెవులు నీళ్లలో ఉంచి కదలకుండా తేలుతుంటే కటకటమని ఎవరో పటిక బెల్లం కొరుకుతున్న చప్పుడు వినిపించింది. చూస్తే అరచేతి రెండింతల ఆకుపచ్చ చిలుక చేప, ముక్కులాంటి పళ్లతో పగడపు రాయిని గీకుతోంది. రాతి మీది నాచు దాని తిండి, రాయి పొడి వెనక నుంచి తెల్లగా రాలుతోంది. ఆ తీరాల్లో మనం నడిచే తెల్ల ఇసుకలో దాని వాటా చాలా ఉంటుంది.

పగడాలు అన్నిచోట్లా రంగులతో మెరిసిపోతాయని ఆశ పెట్టుకోకండి. నీళ్లు మామూలు కన్నా ఒక డిగ్రీ ఎక్కువ వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే, పగడం తనలో ఉండి తిండి పెట్టే నాచుని బయటికి తోసేసి తెల్లబడుతుంది. 2010 వేసవిలో అండమాన్‌లో పెద్ద ఎత్తున అలా జరిగింది, 2016లో మళ్లీ జరిగింది. కొన్ని చోట్ల బూడిదరంగు కొమ్మల గుట్టలే కనిపిస్తాయి, ఆ మధ్యలోనే కొత్తవి మొలుస్తుంటాయి. వాటి మీద నిలబడితే తెగిపోతాయి, మన కాళ్లూ చీరుకుపోతాయి. ముక్క ఒకటి జేబులో వేసుకుందామనుకునేవాళ్లకి, పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయి, విమానాశ్రయంలో సామాను తనిఖీలో దొరికితే కేసు అవుతుంది.

షహీద్ ద్వీప్ (పాత పేరు నీల్) లోని భరత్‌పూర్ బీచ్ పిల్లలకి బాగుంటుంది, లోతు తక్కువ. అయితే పాటు వేళకి నీళ్లు దూరంగా వెళ్లిపోయి పొట్ట పగడాలకి ఆనేంత లోతే మిగులుతుంది, కాబట్టి పోటు సమయం ముందు రోజే హోటల్లో అడిగి పెట్టుకోండి. ఇంకో విషయం సీరియస్‌గా తీసుకోవాలి. అండమాన్ నీళ్లలో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. 2010లో హావ్‌లాక్‌లో స్నార్కెలింగ్ చేస్తున్న ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. బోర్డు ఉన్న చోట, మడ అడవుల పక్కన, వాగు కలిసే చోట, చీకటి పడే వేళ దిగొద్దు. స్థానికులు వద్దంటే బేరమాడొద్దు.

ఇన్నేళ్లలో ఏం అరిగిందో చెప్పి ముగిస్తాను. మాస్క్ సిలికాన్ పారదర్శకమైనది తీసుకున్నాను, రెండేళ్లలో పసుపు తిరిగింది. నల్లదైతే ఆ బాధ లేదు, పక్కల నుంచి వెలుతురు తగ్గుతుందంతే. జుట్టు పీకే రబ్బరు పట్టీ తీసేసి గుడ్డ పట్టీ వేశాను. గొట్టం నోటిముక్క పళ్ల గాట్లకి చిరిగితే విడిగా దొరికింది, మొత్తం గొట్టం మార్చక్కర్లేదు. ప్రతిసారీ మంచినీళ్లలో అరగంట నానబెట్టి నీడలో ఆరబెట్టాలి. తడిగా పెట్టెలో మూస్తే అంచుల్లో నల్ల బూజు పడుతుంది, అది రుద్దినా పోదు. పిల్లలకి మాత్రం ముఖాలు పెరుగుతుంటాయి కాబట్టి ఖరీదైనది కొనకండి. వెళ్లే ముందు వారం పాత మాస్క్‌తో అదే పీల్చే పరీక్ష పెట్టండి, జారితే కొత్తది తెచ్చుకోవడానికి టైమ్ ఉంటుంది.