బీమా సఖిలో చేరేముందు వేసుకోవాల్సిన లెక్క: 24 పాలసీలు, 65 శాతం

"పది పాసైతే చాలట, నెలకు ఏడు వేలు ఇస్తారట." డ్వాక్రా సంఘాల్లో, మహిళలను బీమా ఏజెంట్లుగా తయారుచేసే ఎల్‌ఐసీ బీమా సఖి పథకం గురించి ముందుగా నడిచే మాట ఇదే. అబద్ధమేమీ కాదు. అయితే ఆ ఏడు వేలు జీతం కాదు, పని నేర్చుకునే రోజుల్లో చేతి ఖర్చుకు ఇచ్చే స్టైపెండ్. దాని వెనక రెండు షరతులున్నాయి. వాటిని చేరకముందే కాగితం మీద వేసి చూసుకున్న మహిళకు, అమ్మకాల పనిలో అడుగుపెట్టడానికి ఇంతకన్నా తక్కువ ఖర్చుతో దొరికే దారి ఊళ్లో మరొకటి కనిపించదు. చూసుకోకుండా చేరితే రెండో ఏడాదిలోనే చిక్కు మొదలవుతుంది.

పథకం 2024 డిసెంబరు 9న హర్యానాలోని పానిపట్‌లో మొదలైంది. 18 నుంచి 70 ఏళ్ల మహిళలు, పదో తరగతి పాసైనవాళ్లు అర్హులు. వయసు, చిరునామా, చదువు ధ్రువపత్రాల నకళ్ల మీద సొంత సంతకం చేసి, ఫొటోతో దగ్గరలోని ఎల్‌ఐసీ బ్రాంచిలో ఇవ్వాలి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు: ఇప్పటికే ఏజెంటుగా ఉన్నవాళ్ల, ఎల్‌ఐసీ ఉద్యోగుల దగ్గరి బంధువులకు ఇందులో చోటు లేదు. భర్త, తండ్రి, అన్న, అత్తమామలు ఎవరు ఏజెంటైనా అంతే. మానేసిన పాత ఏజెంట్లకూ, రిటైరైన ఉద్యోగులకూ లేదు. అలాంటి ఇంటి మహిళ మామూలు ఏజెన్సీ తీసుకోవచ్చేమో బ్రాంచిలో అడగాలి. స్టైపెండ్ మాత్రం మర్చిపోవాలి.

డబ్బు సంగతి. మొదటి ఏడాది నెలకు 7,000, రెండో ఏడాది 6,000, మూడో ఏడాది 5,000. మూడేళ్లకు కలిపి 2,16,000 రూపాయలు. పాలసీల మీద వచ్చే కమిషన్ దీనికి అదనం. ప్రతి ఏడాదీ చూపించాల్సిన పని మాత్రం ఇది: 24 ప్రాణాల మీద పాలసీలు, బోనస్ కమిషన్ కలపకుండా 48,000 రూపాయల మొదటి ఏడాది కమిషన్.

ఆ రెండు అంకెలనూ కలిపి చదవాలి. 48,000ను 24తో భాగిస్తే పాలసీకి సగటున 2,000 కమిషన్ రావాలి. మొదటి ఏడాది కమిషన్ 20 శాతం ఉన్న పథకం అనుకుంటే, ఒక్కో పాలసీకి ఏడాది ప్రీమియం 10,000 ఉండాలన్నమాట. నెలకు 300 కట్టే చిన్న పాలసీలు ఇరవై నాలుగు చేస్తే తలల లెక్క నిండుతుంది, కమిషన్ లెక్క నిండదు. ఒక పెద్ద రైతుతో రెండున్నర లక్షలు కట్టిస్తే కమిషన్ వస్తుంది, తలలు మిగిలిపోతాయి. ప్రాణాలు అంటే మనుషుల లెక్క, ఒకే మనిషికి మూడు పాలసీలు రాస్తే మూడు కాదు. ఒక్కసారే మొత్తం కట్టే సింగిల్ ప్రీమియం పాలసీల మీద కమిషన్ శాతం బాగా తక్కువ. ప్రీమియం కట్టే కాలం తగ్గేకొద్దీ మిగతా పథకాల్లోనూ శాతం తగ్గుతుంది. ఏ పథకానికి, ఎన్నేళ్లకు ఎంత శాతమో బ్రాంచి నుంచి పట్టిక తీసుకుని దగ్గర పెట్టుకోవాలి. నోటిమాట మీద నమ్మి దిగకూడదు.

రెండో షరతు ఇంకా గట్టిది. మొదటి ఏడాది చేసిన పాలసీల్లో కనీసం 65 శాతం, రెండో ఏడాది నెలనెలా చూసినప్పుడు బతికి ఉండాలి. అప్పుడే ఆరు వేలు. మూడో ఏడాదికి రెండో ఏడాది పాలసీలతో ఇదే పరీక్ష. ఇరవై నాలుగులో 65 శాతం అంటే 15.6, అంటే పదహారు. ఎనిమిది లాప్సయితే, అంటే కిస్తీ కట్టక ఆగిపోతే, గట్టెక్కుతారు, తొమ్మిదోది పడితే లేదు. పథకం మొత్తంలో నాకు నచ్చిన నిబంధన ఇదే. అంటగట్టి వెళ్లిపోయే ఏజెంటుకు ఇది అడ్డుకట్ట. నిలబడే పాలసీ రాయడం మొదటి నెల నుంచే అలవాటవుతుంది.

మరి పాలసీ ఎందుకు లాప్సవుతుంది? సాధారణంగా కట్టేవాడి మనసు మారి కాదు, కిస్తీ వచ్చే నెలలో చేతిలో డబ్బు లేక. ఒక ఉదాహరణ. పత్తి రైతు జులైలో ఒప్పుకున్నాడని అప్పుడే ఏడాది కిస్తీ పద్ధతిలో పాలసీ రాస్తే, వచ్చే ఏడాది కిస్తీ మళ్లీ జులైలోనే పడుతుంది. జులై అంటే విత్తనాలకూ ఎరువులకూ అప్పు తెచ్చుకునే నెల. 30 రోజుల గడువు దాటుతుంది, పాలసీ పోతుంది. అదే రైతుకు పత్తి అమ్ముకుని డబ్బు చేతిలో ఉన్న జనవరిలో మొదలుపెడితే ఏటా జనవరిలోనే వస్తుంది. ఈ నెలలో టార్గెట్ తక్కువ పడుతోందని తొందరపడితే వచ్చే ఏడాది ఆ పాలసీ 65 శాతం లెక్కలో దెబ్బ తీస్తుంది. ఆ ఆరు నెలలు అతనికి రక్షణ లేదే అనిపిస్తే, బ్యాంకులో ఏడాదికి 436 రూపాయలకు రెండు లక్షల జీవిత బీమా ఇచ్చే పీఎంజేజేబీవై ఉంది, 18 నుంచి 50 ఏళ్ల లోపు వాళ్లు చేరవచ్చు. దాని మీద మీకు కమిషన్ రాదు. అయినా చెప్పండి. అలా చెప్పిన మనిషిని జనవరిలో ఆ ఇంటివాళ్లే పిలుస్తారు.

నెలజీతం వచ్చేవాళ్ల సంగతి వేరు. స్కూల్లో పనిచేసే టీచరు, ఆర్టీసీ కండక్టరు, దుకాణంలో జీతానికి ఉన్న కుర్రాడు, వీళ్లకు నెలవారీ కిస్తీ, అదీ బ్యాంకు ఖాతా నుంచి ఆటోమేటిగ్గా కోసుకునే నాచ్ పద్ధతి సరిపోతుంది. కోత తేదీ జీతం పడిన రెండు మూడు రోజుల్లో ఉండాలి, 25వ తారీఖుకు పెడితే ఖాతాలో ఏమీ ఉండదు. నెలవారీకి గడువు 15 రోజులే అని చెప్పడం మర్చిపోవద్దు. ఎక్కువ సంప్రదాయ పథకాల్లో ఏడాది కిస్తీకి ప్రీమియంలో 2 శాతం, అర్ధ సంవత్సరానికి 1 శాతం తగ్గింపు ఉంటుంది. కట్టగలిగినవాళ్లకు అది చూపిస్తే వాళ్లకూ లాభమే, మీకూ ఏడాదికి ఒక్కసారి గుర్తు చేస్తే సరిపోతుంది.

పరీక్ష గురించి భయం అక్కర్లేదు. ఐసీ-38 అంటారు. ముందు 25 గంటల శిక్షణ, తరువాత కంప్యూటర్ మీద గంటలో 50 ప్రశ్నలు, తప్పుకు మార్కు కోత లేదు, 35 శాతం వస్తే పాస్, అంటే 18 సరైతే చాలు. తెలుగులో రాయవచ్చు. తెలుగు పాఠాలు చదివేటప్పుడు ప్రతి పారిభాషిక పదం పక్కన బ్రాంచిలో వాడే మాట రాసుకోండి. రేపు కౌంటరు దగ్గర "సరెండర్ వాల్యూ", "రివైవల్", "అసైన్‌మెంట్" అనే అంటారు, పుస్తకం తెలుగులో అనరు. కంప్యూటర్ మౌస్ ఎప్పుడూ పట్టనివాళ్లు పరీక్షకు ముందు ఏ ఇంటర్నెట్ సెంటర్లోనైనా అరగంట కూర్చుంటే మంచిది.

పరీక్ష నేర్పనిది ఇంటి లెక్క. ఒక ఇంట్లో నెల ఖర్చు 15,000, అప్పు మూడు లక్షలు, చదువుకునే పిల్లలు ఇద్దరు అనుకోండి. వాళ్లకు ఐదు లక్షల ఎండోమెంట్ (బీమా, పొదుపు కలిసిన పాలసీ) రాసి "బాగుంది" అనుకుంటారు. సంపాదించే మనిషి పోతే ఐదు లక్షలు వస్తాయి, మూడు అప్పుకు పోతాయి, మిగిలిన రెండు లక్షలు పదమూడు నెలల ఖర్చు. ఆ తరువాత? ఈ లెక్కను వాళ్ల ముందే, వాళ్ల నోటితోనే వేయించాలి. అప్పుడు టర్మ్ పాలసీ గురించి మాట్లాడవచ్చు. తక్కువ ప్రీమియానికి ఎక్కువ రక్షణ, చివర్లో తిరిగి ఏమీ రాదు. పథకంలో నాకు కనిపించే లోపం కూడా ఇక్కడే ఉంది. ప్రీమియం తక్కువైతే కమిషన్ తక్కువ, 48,000 చేరడం కష్టం. అంటే లెక్కే సఖిని పొదుపు పాలసీల వైపు నెడుతుంది. ఇంటికి ఏది అవసరమో అది రాసి, తలల లెక్కకు టర్మ్‌నూ, కమిషన్ లెక్కకు నిజంగా పొదుపు కోరేవాళ్లనూ కలుపుకోవడం ఒక్కటే దారి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు, ఆ మేరకు టర్మ్ చెప్పడం కొంచెం తేలికైంది.

పాలసీ మీద ఎంత రావచ్చో చూపే బెనిఫిట్ ఇలస్ట్రేషన్ కాగితంలో 4 శాతం, 8 శాతం అని రెండు వరుసలు ఉంటాయి. అవి ఊహ లెక్కలు, హామీలు కావు. కొనేవాళ్ల కళ్లు 8 దగ్గరికే పోతాయి. మీ వేలు 4 మీద పెట్టి, హామీగా వచ్చేది ఎంతో విడిగా గీత గీసి చూపించండి. పాలసీ చేతికొచ్చాక 30 రోజుల్లో వద్దనుకుంటే వెనక్కి ఇవ్వవచ్చని కూడా ముందే చెప్పాలి.

ఇక కాగితాలు. ఎల్‌ఐసీ ఏజెంట్లు వాడే ఆనంద యాప్‌లో ఆధార్ ఓటీపీతో ప్రపోజల్ పెట్టవచ్చు, పేపరు పని తగ్గుతుంది. కానీ ఊళ్లలో ఆధార్‌కు కలిపిన ఫోన్ నంబరు ఎప్పుడో పారేసిన సిమ్‌ది అయి ఉంటుంది. ఇంటికి వెళ్లేముందే ఫోన్లో అడగండి: "అక్కా, ఆధార్ నంబరుకు మెసేజ్ ఈ ఫోనుకే వస్తుందా?" రాకపోతే ముందు ఆధార్ కేంద్రం, తరువాతే పాలసీ. రెండో చిక్కు ఇంటిపేరు. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, బ్యాంకు పాస్‌బుక్కులో అత్తింటిది, పదో తరగతి మెమోలో పొడి అక్షరం. ఇలా ఉంటే నాచ్ తిరిగొస్తుంది, మెచ్యూరిటీ నాడు చెల్లింపు ఆగుతుంది. మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడాలి. నామినీ పేరు కూడా "చిన్నోడు" అని పిలిచే పేరు కాదు, ఆధార్‌లో ఉన్నదే.

షుగరు, బీపీ, గుండె ఆపరేషను, ఏదీ దాచనివ్వకూడదు. "రాస్తే ప్రీమియం పెరుగుతుంది కదా చెల్లీ, వదిలెయ్" అంటారు. మూడేళ్ల లోపు క్లెయిమ్ వస్తే పాత ఆస్పత్రి చీటీలు బయటికొస్తాయి, డబ్బు ఆగిపోతుంది. బీమా చట్టంలోని 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటాకనే పాలసీని ప్రశ్నించడానికి వీలుండదు. ఊళ్లో ఒక్క క్లెయిమ్ తిరస్కరణ చాలు, ఆ వీధిలో ఇక పాలసీ రాయలేరు.

అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యేది ఇది: "మొదటి కిస్తీ నువ్వే కట్టెయ్ వదినా, నీకెలాగూ కమిషన్ వస్తుందిగా." మెత్తబడితే రెండు నష్టాలు. 41వ సెక్షన్ కింద కమిషన్‌లో వాటా ఇవ్వడం, తీసుకోవడం రెండూ చట్టవిరుద్ధమే, జరిమానా పది లక్షల దాకా వెళ్తుంది. పైగా సొంత డబ్బు పెట్టని మనిషి రెండో కిస్తీ కట్టడు, ఆ పాలసీ పదహారులో ఉండదు. "కట్టకూడదు వదినా, చట్టం ఒప్పదు. ఏడాదికి కాకపోతే మూడు నెలలకోసారి కట్టే పద్ధతి చూద్దాం" అని మాట మార్చండి. ఏడాది చివర్లో లెక్క తక్కువైందని తోడికోడలి పేరునా, చెల్లెలి పేరునా సొంత డబ్బుతో పాలసీలు రాయడం దీనికన్నా పెద్ద గొయ్యి. స్టైపెండ్ వాటి ప్రీమియానికే పోతుంది. ప్రీమియం నగదు చేతికి తీసుకోవడం కూడా వద్దు. ఏజెంటుకు మామూలుగా వసూలు అధికారం ఉండదు. మీ సంచిలో ఉన్న డబ్బు ఎల్‌ఐసీకి చేరినట్టు కాదు. ఫోన్‌పేలోనో ఎల్‌ఐసీ యాప్‌లోనో వాళ్ల చేతే కట్టించండి.

మూడేళ్ల తరువాత ఏం మిగులుతుంది? రెన్యువల్ కమిషన్, అంటే రెండో ఏడాది నుంచి కట్టే కిస్తీల మీద వచ్చేది. ఉదాహరణకు 7.5 శాతం అనుకుంటే, 10,000 ప్రీమియం మీద 750 రూపాయలు. ఏటా పదహారు నిలిచిన పాలసీలతో మూడేళ్లకు 48 అయితే ఏడాదికి 36,000. స్టైపెండ్ ఆగిన లోటును అది పూర్తిగా పూడ్చదు. అందుకే మూడో ఏడాదిలో పని తగ్గించకూడదు, ఆ 48 ఇళ్లలో పెళ్లిళ్లు, పుట్టిన పిల్లలు, కొత్త ఉద్యోగాలు చూసుకుంటూ రెండో పాలసీలకు వెళ్లాలి. పైకి వెళ్లే మెట్లు ఉన్నాయి: బ్రాంచి మేనేజరు క్లబ్బు నుంచి డివిజనల్, జోనల్, చైర్మన్ క్లబ్బుల దాకా. డిగ్రీ ఉన్న సఖులకు డెవలప్‌మెంట్ ఆఫీసరు పోస్టులకు అవకాశం ఇస్తామని ప్రకటించారు. పది దగ్గర ఆగినవాళ్లు ఈ మూడేళ్లలోనే ఇంటర్ పూర్తిచేసి, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వంటి దూరవిద్యలో డిగ్రీకి దారి చూసుకోవడం తెలివైన పని.

ఐదుకు మూడున్నర ఇస్తాను. ఒకటి టర్మ్ పాలసీని వెనక్కి నెట్టే ఆ 48,000 లెక్కకు, సగం దగ్గరి బంధువుల నిషేధానికి తగ్గించాను. ఇంట్లో ఈ నెల అప్పు కిస్తీకి ఏడు వేలు కావాలి కాబట్టి చేరదామనుకునేవాళ్లు ఆగండి. సంఘం లీడరుగా, ఆశా కార్యకర్తగా, టైలరుగా, పాల కేంద్రం లెక్కలు రాసేవాళ్లుగా వంద గడపలకు ఇప్పటికే తెలిసినవాళ్లు చేరండి.

చేరిన రోజే ఒక రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొని, దాన్ని పన్నెండు నెలలుగా విడదీయండి. ప్రతి పాలసీనీ రాసిన నెలలో కాదు, కిస్తీ పడే నెల పేజీలో రాయండి: పేరు, పాలసీ నంబరు, ప్రీమియం, గడువు ముగిసే తేదీ, డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది. కిస్తీకి ఇరవై రోజుల ముందు ఒక ఫోను, ఐదు రోజుల ముందు ఒకసారి గుమ్మం దాకా. ప్రతి నెలాఖరునా బ్రాంచిలో అమల్లో ఉన్న పాలసీల జాబితా తీసుకుని ఆ నోట్‌బుక్కుతో కలిపి చూడండి. తేడా వస్తే ఆ వారంలోనే అడగాలి. గడువు దాటి ఎక్కువ రోజులు కానప్పుడే రివైవల్, అంటే ఆగిన పాలసీని మళ్లీ నడిపించడం, తేలిక.